‘వేర్డెన్’ టేబుల్ వచ్చేసింది సరే, వాక్యం చివర చూశారా?

‘వేర్డెన్’ అనే జర్మన్ క్రియ రూపాల గురించి మీ ప్రశ్న చదివి నవ్వొచ్చింది. మిమ్మల్ని చూసి కాదండీ, నన్ను నేను తలుచుకుని. “జర్మన్ బి1 (మధ్యస్థాయి) పరీక్షకి రెండు నెలలే ఉంది. ‘వేర్డెన్’ టేబుల్ నిద్రలో లేపి అడిగినా చెప్తాను. కానీ వాక్యంలో ‘విర్ట్’ కనిపిస్తే అది ‘అవుతాడు’ అనా, ‘చేస్తాడు’ అనా, ‘చేయబడుతుంది’ అనా తేలడం లేదు. వుర్డె, వ్యుర్డె, వొర్డెన్, గెవొర్డెన్ అన్నీ కలిసిపోయి టెన్షన్ వస్తోంది” అని రాశారు. సరిగ్గా ఇదే చోట నేను ఏడాది పాటు ఇరుక్కుపోయాను. ఇప్పుడు జర్మనీలో ఉంటూ, శనివారాలు కొత్తగా వచ్చిన మనవాళ్ళకి, ఎక్కువగా నర్సులకి, జర్మన్ చెప్తుంటాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఈ ప్రశ్న వస్తుంది. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, టీ పెట్టుకుని చదవండి.

ముందు ఒక మాట. జర్మన్ మాటలన్నీ తెలుగు లిపిలో, వినపడేదానికి దగ్గరగా రాస్తున్నాను. పుస్తకంలో స్పెల్లింగ్ వేరుగా ఉంటుంది. ఉదాహరణకి ‘విర్ట్’ చివర రాసేది ‘డి’ అక్షరమే, కానీ జర్మన్‌లో మాట చివరి ‘డ్’ ఎప్పుడూ ‘ట్’ అయిపోతుంది.

టేబుల్ మీకు వచ్చు కాబట్టి త్వరగా దాటేస్తాను. వర్తమానంలో:

ఇష్ వేర్డె, డు విర్స్ట్, ఎర్ విర్ట్,
వీర్ వేర్డెన్, ఈర్ వేర్డెట్, జీ వేర్డెన్.

ఇందులో తేడాగా ఉన్నవి రెండే: ‘డు’ (నువ్వు), ‘ఎర్’ (అతను). ఆ రెండింటిలో ‘ఏ’ కాస్తా ‘ఇ’ అయింది. ‘డు విర్స్ట్’లో ధాతువులోని ‘డి’ అక్షరమే ఎగిరిపోయింది. పరీక్షలో మార్కులు పోయేది ఇక్కడే. చాలామంది ‘డి’ ఉంచి రాసేస్తారు. ‘ఎర్ విర్ట్’లో మామూలుగా చివర చేరాల్సిన ‘టి’ చేరలేదు. మిగతా నాలుగూ బుద్ధిమంతులు.

భూతకాలం: ఇష్ వుర్డె, డు వుర్డెస్ట్, ఎర్ వుర్డె, వీర్ వుర్డెన్, ఈర్ వుర్డెట్, జీ వుర్డెన్. దీనికి ‘యు’ మీద రెండు చుక్కలు పెడితే ‘వ్యుర్డె’ అవుతుంది, అది వేరే సంగతి, దాని దగ్గరికి తర్వాత వద్దాం. పెర్ఫెక్ట్‌కి సహాయక్రియ ‘జైన్’ (ఉండు), ‘హాబెన్’ (కలిగి ఉండు) కాదు: ఎర్ ఇస్ట్ గెవొర్డెన్. ఆజ్ఞార్థకంలో చిన్న మెలిక ఉంది. ‘గేబెన్’కి ‘గిప్’, ‘నేమెన్’కి ‘నిమ్’ అని ‘ఇ’తో వచ్చినట్టు దీనికి ‘విర్ట్’ రాదు. ‘వేర్డె!’ అనే అనాలి.

టేబుల్ ఇంతే. నిజానికి దీన్ని చూసి తెలుగువాళ్ళు భయపడాల్సిన పనే లేదు. మన ‘అవు’ ధాతువు సంగతి ఒకసారి చూడండి. అవుతాను, అయ్యాను, కాను, కాలేదు, కావాలి, కాబోయే, అయితే, కాకపోతే. ఒక్క క్రియలో ‘అవు’, ‘అయ్’, ‘కా’ అని మూడు మొహాలు. తెలుగు నేర్చుకునే జర్మన్ వాడికి ‘అవుతాడు’కి వ్యతిరేకం ‘కాడు’ అని చెప్తే వాడి మొహం ఎలా మారుతుందో నేను చూశాను. ఏ భాషలోనైనా రోజూ వాడే క్రియలే ఎక్కువగా వంకర్లు తిరిగి ఉంటాయి. అరుగుదల ఎక్కువ మరి.

అసలు మీ ఇబ్బంది టేబుల్‌తో కాదు. మీరు ‘వేర్డెన్’ని ఇంగ్లీషులోంచి అర్థం చేసుకుంటున్నారు. ఇంగ్లీషులో అవడానికి ఒక మాట, భవిష్యత్తుకి ఒక మాట, పాసివ్‌కి ఇంకో మాట. అందుకని ‘వేర్డెన్’ మూడు వేషాలు వేస్తున్నట్టు మీకు కనిపిస్తోంది. తెలుగులోంచి చూస్తే అంత వింతగా ఉండదు. మన ‘పడు’ని తీసుకోండి. చీకటి పడింది, వాతావరణం చల్లబడింది, మొహం ఎర్రబడింది: ఇవన్నీ ‘అవడం’. ఇల్లు కట్టబడింది, ఉత్తరం రాయబడింది: ఇవి పాసివ్. రెంటికీ క్రియ ఒకటే, ‘పడు’. మనం ఎప్పుడైనా తికమకపడ్డామా? (చూశారా, ‘తికమకపడ్డాం’ కూడా.) ఎందుకు పడలేదంటే, ‘పడు’ ముందు ఏ మాట ఉందో చూసి మన బుర్ర దానంతట అదే తేల్చేసుకుంటుంది. ‘చల్ల’ ఉంటే ఒక అర్థం, ‘కట్ట’ ఉంటే ఇంకో అర్థం.

జర్మన్‌లో చేయాల్సిందీ అదే. తేడా ఏంటంటే, మామూలు వాక్యంలో ‘విర్ట్’ రెండో స్థానంలో వచ్చేస్తుంది, దాని అర్థం తేల్చే మాట వాక్యం చివర కూర్చుంటుంది. కాబట్టి ‘విర్ట్’ కనిపించగానే అనువాదం మొదలుపెట్టకండి. ఫుల్‌స్టాప్ దగ్గరికి వెళ్ళి అక్కడ ఏముందో చూడండి. అక్కడ నామవాచకమో విశేషణమో ఉంటే అది ‘అవడం’. ‘కట్టిన’, ‘చేసిన’ లాంటి పార్టిసిపుల్ ఉంటే పాసివ్. మార్పు లేని మూలరూపం, అంటే ‘ఎన్’తో ముగిసే ఇన్ఫినిటివ్ ఉంటే భవిష్యత్తు, లేదా ఊహ.

ఎర్ విర్ట్ ఆర్ట్‌స్ట్. చివర ‘ఆర్ట్‌స్ట్’, డాక్టర్, నామవాచకం. అతను డాక్టర్ అవుతాడు.
ఎర్ విర్ట్ గెఫ్రాక్ట్. చివర పార్టిసిపుల్. అతన్ని అడుగుతున్నారు.
ఎర్ విర్ట్ ఫ్రాగెన్. చివర ఇన్ఫినిటివ్. అతను అడుగుతాడు.

రెండో దానికీ మూడో దానికీ తేడా చూడండి. అడిగేవాడు, అడిగించుకునేవాడు తారుమారైపోయారు. ఇది నాకు ఎలా తెలిసొచ్చిందంటే, వచ్చిన కొత్తలో ఒక కొలీగ్‌ని ఆఫీసు పార్టీకి నా కార్లో తీసుకెళ్తానని చెప్పాలనుకున్నాను. “ఇష్ వేర్డె డిష్ ఉమ్ అఖ్ట్ ఆప్‌హోలెన్” అనాలి, అంటే ఎనిమిదింటికి వచ్చి నిన్ను పిక్ చేసుకుంటాను అని. నేను కొత్తగా నేర్చుకున్న పార్టిసిపుల్ మోజులో “ఇష్ వేర్డె ఉమ్ అఖ్ట్ ఆప్‌గెహోల్ట్” అన్నాను. ఆవిడ “ఓ, మంచిది!” అని నవ్వి వెళ్ళిపోయింది. ఎనిమిదింటికి వాళ్ళింటి కింద ఇరవై నిమిషాలు చలిలో నిలబడ్డాక తెలిసింది, ఆవిడ ఎప్పుడో ట్రామ్ ఎక్కి వెళ్ళిపోయిందని. నేను చెప్పింది “ఎనిమిదింటికి నన్నెవరో వచ్చి తీసుకెళ్తారు” అని. నాకు సవారీ దొరికిందని ఆవిడ సంతోషించింది.

ఇప్పుడు ఒక్కో అర్థం దగ్గర కాసేపు ఆగుదాం.

‘అవడం’ సులువు, కానీ రెండు గోతులున్నాయి. మొదటిది ‘బెకొమ్మెన్’. వినడానికి ఇంగ్లీషు మాటలాగే ఉంటుంది కాబట్టి మనవాళ్ళు “ఇష్ మ్యొష్టె ఆర్ట్‌స్ట్ బెకొమ్మెన్” అనేస్తారు. ‘బెకొమ్మెన్’ అంటే దొరకడం, అందడం. మీరు డాక్టర్ అవ్వాలనుకుంటున్నట్టు కాదు, మీకొక డాక్టర్ కావాలన్నట్టు అవుతుంది. రెండోది ‘ఇష్ బిన్ కల్ట్’. చలేస్తోందని చెప్పడానికి ఇంగ్లీషు పద్ధతిలో ఇలా అంటే, నేను మనసు లేని మనిషిని అన్నట్టు వినిపిస్తుంది. మనకి తెలుగే ఇక్కడ దారి చూపిస్తుంది: “నాకు చలేస్తోంది”. ‘నేను’ కాదు, ‘నాకు’. జర్మన్ కూడా అంతే: మీర్ విర్ట్ కల్ట్. ‘మీర్’ అంటే నాకు. ఇంకోటి నర్సుగా మీ ఉద్యోగంలో రోజూ వినపడుతుంది: మీర్ విర్ట్ ష్లెష్ట్. నాకు వికారంగా ఉంది, కళ్ళు తిరుగుతున్నాయి. పేషెంట్ ఈ మాట అన్నాడంటే వ్యాకరణం గురించి ఆలోచించకుండా ముందు బేసిన్ పట్టుకురండి.

ఇక్కడే ఒక ముచ్చట చెప్పాలి. గర్భిణిని జర్మన్లు ‘వేర్డెండె ముట్టెర్’ అంటారు, అంటే ‘అవుతున్న తల్లి’. మనం ‘కాబోయే తల్లి’ అంటాం. మన ‘అవు’ ధాతువే ‘కా’ రూపంలో. రెండు భాషలకీ చుట్టరికం లేదు, ఆలోచన మాత్రం ఒకేలా నడిచింది. చుట్టరికం ఉన్నది సంస్కృతంతో. ‘వేర్డెన్’కి మూలమైన పాత ధాతువుకి ‘తిరగడం’ అని అర్థం, సంస్కృతంలో ‘వృత్’ దాని చుట్టమే. వర్తమానం, పరివర్తన, ఆవర్తనం, వృత్తం: మనం రోజూ వాడే ఈ మాటలన్నీ అక్కడివే. తిరగడంలోంచి మారడం, మారడంలోంచి అవడం. ‘వేర్డెన్’కి దూరపు బంధువు మన పంచాయతీ ఆఫీసు ‘వర్తమాన’ సంవత్సరం లెక్కల్లో కూర్చుని ఉందని చెప్తే, మా క్లాసులో ఆ మాట మళ్ళీ ఎవరూ మర్చిపోలేదు.

పాసివ్‌కి వద్దాం. ఎక్కువ సమయం పెట్టాల్సింది దీనికే. మీరు జర్మనీలో ఏ ఉత్తరం తెరిచినా, ఏ నోటీసు చదివినా కనిపించేది ఇదే. తెలుగు పుస్తకాల్లో పాసివ్ అంటే ‘బడు’ అని నేర్పిస్తారు. మనం మాటల్లో ‘బడు’ వాడేది దుకాణం బోర్డుల మీదే: ‘ఇచ్చట జిరాక్స్ తీయబడును’. ఇంట్లో ఎవరైనా “అన్నం వండబడింది” అంటే జ్వరమొచ్చిందేమో అని నుదురు తాకి చూస్తాం. మరి చేసినవాడు ఎవరో చెప్పకుండా మనం ఎలా మాట్లాడతాం? “మా వీధిలో ఇల్లు కడుతున్నారు”, “నన్ను లోపలికి పిలిచారు”, “నిన్న కరెంటు తీసేశారు”. ఎవరు కడుతున్నారు, ఎవరు పిలిచారు, ఎవరు తీసేశారు? చెప్పం, అక్కర్లేదు. క్రియ చివర ‘రు’ పెట్టి కర్తని వదిలేస్తాం. ఆ ‘రు’ ఉన్న చోట జర్మన్‌లో చాలాసార్లు ‘వేర్డెన్’ పాసివ్ వస్తుంది. “నన్ను పిలిచారు” అంటే ఇష్ వుర్డె గెరూఫెన్. “ఇల్లు కడుతున్నారు” అంటే డస్ హౌస్ విర్ట్ గెబౌట్. ‘బడు’తో కాకుండా ఈ ‘రు’తో ఆలోచించడం మొదలుపెట్టండి, సగం బరువు దిగిపోతుంది. బోర్డుల మీద రాసే ‘బడును’కి కూడా అచ్చు జోడీ ఉందండోయ్: హీర్ విర్ట్ నిష్ట్ గెరౌఖ్ట్, ఇక్కడ పొగ తాగరు, అంటే తాగకూడదని.

తెలుగు ఇంకో మేలు కూడా చేస్తుంది. “నన్ను అడిగారు”లో ‘నన్ను’ ఉంది, జర్మన్ పాసివ్‌లో అది ‘ఇష్’ (నేను) అయిపోతుంది: ఇష్ వుర్డె గెఫ్రాక్ట్. “నాకు సాయం చేశారు”లో ‘నాకు’ ఉంది, అది మారదు, ‘మీర్’గానే ఉంటుంది: మీర్ వుర్డె గెహొల్ఫెన్. ‘ఇష్ వుర్డె గెహొల్ఫెన్’ తప్పు. ఈ తప్పు జర్మన్లకీ బాగా తెలిసిందే. ఒకప్పుడు టీవీలో ఫోన్ నంబర్లు కనుక్కునే సర్వీస్ ప్రకటనలో “డా వేర్డెన్ జీ గెహొల్ఫెన్” అని కావాలనే తప్పుగా అనిపించారు, అది ఊతపదం అయిపోయింది. ఇప్పటికీ ఎవరైనా సరదాకి అంటే అందరూ నవ్వుతారు. మీరు అంటే మాత్రం పరీక్షలో నవ్వరు. ఈ నన్ను, నాకు లెక్క అన్నిసార్లూ కుదరదు, చెప్పడం నా బాధ్యత. మనం “నాకు ఫోన్ చేశారు” అంటాం, జర్మన్‌లో మాత్రం ‘ఆన్‌రూఫెన్’కి ‘నన్ను’ కావాలి, కాబట్టి ఇష్ వుర్డె ఆన్‌గెరూఫెన్. ఇలాంటివి పది, పదిహేను ఎదురవుతాయి, అప్పటికప్పుడు నోట్ చేసుకోండి.

‘విర్ట్’కీ ‘ఇస్ట్’కీ తేడా కూడా చాలామంది అడుగుతారు. డీ ట్యూర్ విర్ట్ గెష్లొస్సెన్: తలుపు మూస్తున్నారు. డీ ట్యూర్ ఇస్ట్ గెష్లొస్సెన్: తలుపు మూసి ఉంది. మొదటిది పని, రెండోది పని అయిపోయాక మిగిలిన స్థితి. తెలుగులో ఇంత చక్కగా ఉన్నప్పుడు వేరే వివరణ ఎందుకు?

ఇక వొర్డెన్, గెవొర్డెన్. మీరు అన్నింటికంటే ఎక్కువ బాధపడింది దీనికే అనిపించింది. సూత్రం ఒక్క ముక్కే: ముందు ఇంకో పార్టిసిపుల్ ఉంటే ‘గె’ పోతుంది. నాన్నగారికి ఆపరేషన్ చేశారు: మైన్ ఫాటెర్ ఇస్ట్ ఒపెరీర్ట్ వొర్డెన్. నాన్నగారికి నయమైంది: మైన్ ఫాటెర్ ఇస్ట్ గెజుంట్ గెవొర్డెన్. ‘ఒపెరీర్ట్’ పార్టిసిపుల్, అంటే పాసివ్, అందుకే ‘వొర్డెన్’. ‘గెజుంట్’ విశేషణం, అంటే అవడం, అందుకే ‘గెవొర్డెన్’. పాత జర్మన్‌లో ఈ క్రియకి ‘గె’ లేకుండానే పార్టిసిపుల్ ఉండేది, పాసివ్‌లో ఆ పాత రూపమే మిగిలిపోయింది. మీకు పోస్టింగ్ గనక మ్యూనిక్ వైపు వస్తే, అక్కడి పెద్దవాళ్ళు యాసలో అన్ని చోట్లా ‘వొర్డెన్’ అనేయడం వింటారు. వాళ్ళకి చెల్లుతుంది. మీ ఆన్సర్ షీట్‌లో చెల్లదు.

భవిష్యత్తు గురించి చాలా చెప్పొచ్చు, కానీ చెప్పను, ఎందుకంటే మీకు అంత అవసరం లేదు. జర్మన్లు రోజువారీ మాటల్లో భవిష్యత్తుకి వర్తమానమే వాడేస్తారు. “రేపు బెర్లిన్ వెళ్తున్నాను” అని మనం అన్నట్టే “మొర్గెన్ ఫారె ఇష్ నాఖ్ బెర్లిన్”. ‘రేపు’ అని ఉండగా ఇంకా ‘వేర్డె’ ఎందుకు? మాట ఇవ్వడానికో, ముందుగా అంచనా చెప్పడానికో ‘వేర్డె’ వాడండి. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి, ‘ఇష్ విల్’. ఇంగ్లీషు చెవికి ఇది భవిష్యత్తులా వినిపిస్తుంది, కానీ కాదు. దాని అర్థం ‘నాకు కావాలి, నేను చేయదలుచుకున్నాను’. ఇంటర్వ్యూలో “ఒకటో తారీఖు నుంచి వస్తాను” అనబోయి “ఇష్ విల్” అంటే, పంతం పట్టి కూర్చున్నట్టు ఉంటుంది.

భవిష్యత్తు రూపంతోనే ఊహ కూడా చెప్తారు. ఇది మనకి పుట్టుకతో వచ్చిన విద్య. “రవి ఎక్కడ?” అంటే “ఇంట్లోనే ఉంటాడు” అంటాం. రేపటి సంగతి కాదు, ఇప్పటి సంగతే, కానీ ఊహ. ఎర్ విర్ట్ ట్సు హౌజె జైన్. అచ్చంగా అదే. “ట్రైన్ మిస్సయి ఉంటాడు” అంటే ఎర్ విర్ట్ డేన్ ట్సూక్ ఫెర్‌పస్ట్ హాబెన్. ఇంగ్లీషు మీడియం పిల్లలు దీన్ని అర్థం చేసుకోడానికి తంటాలు పడుతుంటే, మా క్లాసులో తెలుగు మీడియంలో చదువుకున్న ఒక అమ్మాయి “ఇందులో ఏముందండీ, ఉంటాడు అనేగా” అంది.

ఇప్పుడు ‘వ్యుర్డె’. నోరు ‘ఉ’ అనేటప్పటిలా గుండ్రంగా పెట్టి లోపల ‘ఇ’ అనండి, అదే ఆ రెండు చుక్కల శబ్దం. మీరు దాన్ని ‘వుర్డె’లా పలికితే మర్యాదగా అడగాల్సిన మాట, జరిగిపోయిన సంగతిలా వినిపిస్తుంది. బి1లో మీకు కావలసింది ముఖ్యంగా రెండు వాడుకలు. ఒకటి మర్యాద: ఇష్ వ్యుర్డె గెర్న్ ఐనెన్ టెర్మీన్ ఫెర్‌ఐన్‌బారెన్, అపాయింట్‌మెంట్ తీసుకుందామనుకుంటున్నానండీ. మన ‘అండీ’ చేసే పని ఇక్కడ ‘వ్యుర్డె’ చేస్తుంది. రెండోది ‘అలా అయ్యుంటే ఇలా చేసేదాన్ని’ అనే ఊహాలోకం. అయితే ‘జైన్’, ‘హాబెన్’లతో ‘వ్యుర్డె’ కలపకండి, వాటికి సొంతంగా ‘వేరె’, ‘హెట్టె’ ఉన్నాయి. పెద్ద అక్షరంతో రాసిన ‘వ్యుర్డె’ కనిపిస్తే కంగారుపడొద్దు. అది క్రియ కాదు, ‘గౌరవం’ అనే నామవాచకం. 1949 నాటి జర్మన్ రాజ్యాంగం మొదటి అధికరణం మొదటి వాక్యంలో ఉన్నది ఆ మాటే: మనిషి గౌరవానికి భంగం కలిగించరాదని.

ఇంకో పాత రూపం ఎదురవ్వచ్చు, ‘వర్ట్’. ‘వుర్డె’కి ముందు తరం అది. మార్టిన్ లూథర్ బైబిల్ అనువాదంలో సృష్టి కథ దగ్గర “ఎస్ వేర్డె లిష్ట్! ఉంట్ ఎస్ వర్ట్ లిష్ట్” అని ఉంటుంది. తెలుగు బైబిల్లో అదే చోట “వెలుగు కమ్మని పలుకగా” అని చదువుకుంటాం. ‘కమ్ము’ అంటే మళ్ళీ మన ‘అవు’ ధాతువే. చర్చిలోనో పాత కవిత్వంలోనో తప్ప ‘వర్ట్’ వినపడదు, మీరు రాయక్కర్లేదు.

ఇప్పుడు అసలు పరీక్ష. వీసా ఆఫీసు నుంచి వచ్చే ఉత్తరాలు దాదాపు ఈ ధోరణిలోనే ఉంటాయి. నేను నాలుగు వాక్యాలు తయారుచేశాను, ఒక్కోటి చివర చూస్తూ చదవండి.

ఈర్ ఆంట్రాక్ విర్ట్ బెఆర్బైటెట్. చివర పార్టిసిపుల్. మీ అప్లికేషన్ చూస్తున్నారు.

జీ వేర్డెన్ ష్రిఫ్ట్‌లిష్ బెనాఖ్‌రిష్టిష్ట్. మళ్ళీ పార్టిసిపుల్. మీకు రాతపూర్వకంగా తెలియజేస్తారు. ఇక్కడ చాలామంది ‘మీరు తెలియజేయాలి’ అనుకుని, తామే ఉత్తరం రాయడానికి కూర్చుంటారు. అలా చేసినవాళ్ళలో ఒకరి సంతకం పెట్టిన కవరు, పోస్టులో వేయబోతుంటే నేనే ఆపాను.

డీ బెఆర్బైటుంగ్ విర్ట్ ఫొరౌస్‌జిష్ట్‌లిష్ జెక్స్ వొఖెన్ డౌయెర్న్. చివర ‘డౌయెర్న్’, ఇన్ఫినిటివ్. దానికి ఆరు వారాలు పట్టొచ్చు. పాసివ్ కాదు, భవిష్యత్తు.

ఓనె ఫొల్‌ష్టెండిగె ఉంటర్‌లాగెన్ కన్ డేర్ ఆంట్రాక్ నిష్ట్ బెఆర్బైటెట్ వేర్డెన్. ఈసారి ‘వేర్డెన్’ తనే చివరికి వెళ్ళిపోయింది, ఎందుకంటే రెండో స్థానంలో ‘కన్’ కూర్చుంది. దాని ముందున్న మాట చూడండి, పార్టిసిపుల్. పాసివే. కాగితాలన్నీ లేకపోతే అప్లికేషన్ తీసుకోవడం కుదరదు. ఇలా ‘వేర్డెన్’ చివర ఉన్నప్పుడు మనకి హాయి. ‘కట్టబడు’లో లాగే అర్థం తేల్చే మాట ముందు, ‘వేర్డెన్’ వెనక.

చివర చూడమన్న నా సూత్రం ఒక చోట దెబ్బతింటుంది. కొన్ని క్రియలకి ఇన్ఫినిటివ్, పార్టిసిపుల్ రెండూ ఒకే రూపంలో ఉంటాయి. ‘ఫెర్‌గెస్సెన్’, మర్చిపోవడం, అలాంటిదే. “ఎర్ విర్ట్ ఫెర్‌గెస్సెన్” అంటే అతను మర్చిపోతాడనీ కావచ్చు, అతన్ని అందరూ మర్చిపోతున్నారనీ కావచ్చు. చుట్టూ ఉన్న వాక్యాలు చూడాల్సిందే. మీ వార్డులో రోజూ వినపడేది ‘ఎంట్‌లస్సెన్’, డిశ్చార్జ్ చేయడం. డేర్ పాట్సియెంట్ విర్ట్ హొయిటె ఎంట్‌లస్సెన్: పేషెంట్‌ని ఇవాళ డిశ్చార్జ్ చేస్తున్నారు. డేర్ ఆర్ట్‌స్ట్ విర్ట్ డేన్ పాట్సియెంటెన్ ఎంట్‌లస్సెన్: డాక్టర్ పేషెంట్‌ని డిశ్చార్జ్ చేస్తారు. చివరి మాట రెంటిలోనూ ఒకటే. కానీ రెండో దాంట్లో ‘డేన్ పాట్సియెంటెన్’ ఉంది, అంటే ‘పేషెంట్‌ని’ అనే కర్మ. కర్మ విడిగా కనిపిస్తే అది పాసివ్ కాదు. షిఫ్ట్ మారేటప్పుడు హడావిడిగా చెప్పే మాటల్లో ఇది పట్టుకోగలిగితే తర్వాతి మెట్టు బి2 కూడా మీకు దగ్గర్లోనే ఉంది.

ప్రాక్టీసు ఎలా చేయాలని కూడా అడిగారు. టేబుల్ మళ్ళీ రాయకండి. రోజూ ఒక జర్మన్ వార్త తీసుకుని అందులో ‘వేర్డెన్’ రూపాలన్నిటి కింద గీత గీయండి, ఒక్కోదాని భాగస్వామి మాట చుట్టూ సున్నా చుట్టండి. గీత, సున్నా, గీత, సున్నా. అనువాదం చేయొద్దు. వారం తర్వాత మీ కన్ను దానంతట అదే వాక్యం చివరికి పరుగెడుతుంది. వార్తల్లో పాసివ్ కుప్పలుగా దొరుకుతుంది కాబట్టి సరుకు కొరత ఉండదు.

ఒక వాక్యం ఇచ్చి వెళ్తాను. ఇందులో ‘వేర్డెన్’ మూడుసార్లు వస్తుంది, మూడూ వేరువేరు రూపాలు.

ఆల్స్ ఇష్ గెఫ్రాక్ట్ వుర్డె, వస్ ఇష్ వేర్డెన్ విల్, బిన్ ఇష్ రోట్ గెవొర్డెన్.

ఏమవ్వాలనుకుంటున్నావని అడిగినప్పుడు నా మొహం ఎర్రబడింది. మొదటిది పాసివ్, ‘గెఫ్రాక్ట్’ పక్కన ఉంది. రెండోది ‘అవడం’ ఇన్ఫినిటివ్‌లో, పక్కన ‘విల్’ అంటే కోరిక. మూడోది ‘రోట్’, ఎరుపు, విశేషణం, అందుకే ‘గె’ ఉంది. ఇందులో మీ పేరు, మీ ఉద్యోగం పెట్టి ఇలాంటిదే ఒకటి సొంతంగా రాసి కింద పెట్టండి. ‘వొర్డెన్’ కూడా ఒకసారి రావాలి. దిద్ది పెడతాను.